టోక్యో శివార్లలో ఇల్లు తీసుకోవాలా వద్దా: అద్దె చూసే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

టోక్యోలో ఉద్యోగం ఖాయం కాగానే అందరూ చేసే పని అద్దె ఇళ్ళ సైటు తెరవడం. మ్యాపు మధ్య నుంచి పక్కకి జరిపేకొద్దీ అద్దె 1,30,000 యెన్ల నుంచి 80,000కి దిగుతుంది. రైలు యాప్‌లో చూస్తే తేడా 25 నిమిషాలే. ఇంకేముంది, శివారే నయమని తేల్చేసుకుంటారు.

ఆ లెక్క తప్పు కాదు, సగం లెక్క. ఆఫీసుకి వెళ్ళే మనిషి వారంలో ఐదు రోజులు ఆ ఊళ్ళో ఉండేది నిద్రపోవడానికే. పొద్దున్నుంచి రాత్రి దాకా అక్కడ గడిపేది ఇంట్లో ఉన్నవాళ్ళు: భాష రాని భార్యో భర్తో, చంటిపిల్ల, మూడు నెలల వీసా మీద వచ్చిన అమ్మానాన్నా. ఇల్లు ఎంచేది ఒకరు, ఆ ఊరిని భరించేది ఇంకొకరు. అందుకే రెండు లెక్కలూ వేయాలి, రెండోదాన్ని ఇంట్లో ఉండేవాళ్ళే వేయాలి.

శివారంటే ఎంత దూరం

టోక్యో అంటే నగరం నడిబొడ్డునున్న 23 వార్డులు మాత్రమే కాదు. పడమటి వైపు తామా ప్రాంతంలోని తచికావా, హచియోజి, మచిదా కూడా పాలనాపరంగా టోక్యోయే. ఉత్తరాన సైతామా, తూర్పున చిబా, దక్షిణాన కనగావా వేరే రాష్ట్రాల్లాంటివి. ఈ సరిహద్దు రైల్లో కూర్చున్నవాళ్ళకి కనిపించదు, పిల్లలున్న ఇంటి ఖర్చులో మాత్రం బాగా తెలుస్తుంది. ఆ సంగతి తర్వాత.

మనవాళ్ళు ఎక్కువగా ఉండే నిషి-కసాయ్, ఎదొగావా వార్డులో, 23 వార్డుల తూర్పు అంచున ఉంది. అది శివారు కాదు, దాదాపు శివారు. నిషి-కసాయ్ మీదుగా పోయే తోజాయ్ మెట్రో లైన్ మీదే పాత ఎదొగావా నది దాటితే ఉరయాసు, మినామి-గ్యోతొకు, గ్యోతొకు, మ్యోదెన్ వరసగా వస్తాయి. అవన్నీ చిబా. నిషి-కసాయ్‌లో ఇల్లు దొరకనివాళ్ళు, దొరికినా అద్దె కట్టలేనివాళ్ళు ముందు చూసేది ఈ నాలుగు స్టేషన్లనే. స్నేహితులకీ భారతీయ దుకాణాలకీ రెండు నుంచి ఐదు స్టేషన్ల దూరంలోనే ఉంటారు కాబట్టి ఆ చూపు సరైనదే.

ఇంకాస్త దూరం పోతే ఫునబాషి, కషివా, ఓమియా, తామా ప్లాజా. ఆ తర్వాత హచియోజి, చిబా నగరం, తొరిదె. కిలోమీటర్లు చూసి దూరం తేల్చకండి. 30 కిలోమీటర్ల దూరంలోని ఓమియా నుంచి టోక్యో స్టేషన్‌కి రైలు మారకుండా అరగంటా కాస్త. 23 వార్డుల్లోనే రైలు లేని మూలనుంచి బస్సెక్కి, రెండు రైళ్ళు మారి వచ్చేవాళ్ళకి గంట పడుతుంది.

గడప నుంచి కుర్చీ దాకా

రైలు యాప్ చెప్పేది స్టేషన్ నుంచి స్టేషన్‌కి పట్టే సమయం. మీకు కావలసింది ఇంటి గడప నుంచి ఆఫీసులో కుర్చీ దాకా. కాగితం మీద ఇలా రాసుకోండి: ఇంటి నుంచి స్టేషన్‌కి నడక, గేటు నుంచి ప్లాట్‌ఫారానికి 3 నిమిషాలు, రైలు కోసం ఎదురుచూపు 4, రైల్లో సమయం, ప్రతి మార్పుకీ 7, దిగాక ఆఫీసుకి నడక, లిఫ్టు క్యూ 5. యాప్ 38 అని చెప్పిన ప్రయాణం ఈ లెక్కలో 65 దగ్గర తేలుతుంది. ఓతెమాచి, షింజుకు, షిబుయా లాంటి పెద్ద స్టేషన్లలో లైను మారడానికి 7 నిమిషాలు చాలవు, 10 వేసుకోండి.

మొత్తం 50 నిమిషాల లోపైతే రోజూ ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి ఇబ్బంది లేదు. 50 నుంచి 70 మధ్య ఐతే వారంలో రెండు రోజులైనా ఇంటి నుంచి పని ఉండాలి, లేదా కూర్చుని వెళ్ళే అవకాశం ఉండాలి. 70 దాటి, రోజూ నిలబడి వెళ్ళాలంటే మా సలహా ఒకటే: వద్దు. మొదటి రెండు నెలలు ఉత్సాహం మీద గడిచిపోతాయి. జూన్‌లో వానాకాలం మొదలై, తడిసిన గొడుగులతో పెట్టె నిండిపోయాక ఆ 70 నిమిషాల అసలు బరువు తెలుస్తుంది.

కూర్చుని వెళ్ళాలంటే రైలు ఎక్కడ మొదలవుతుందో చూడాలి. ఒక స్టేషన్ నుంచే బయలుదేరే రైలుని షిహత్సు అంటారు. టైమ్‌టేబుల్లో గుర్తు పెట్టి ఉంటుంది. ఉదాహరణకి మ్యోదెన్‌లో రైల్వే డిపో ఉంది, పొద్దున అక్కణ్ణుంచే మొదలయ్యే రైళ్ళు ఉన్నాయి. పది నిమిషాలు ముందొచ్చి వరసలో నిలబడితే సీటు దొరుకుతుంది. నగరానికి ఐదు స్టేషన్లు దగ్గరైన నిషి-కసాయ్‌లో ఎక్కేవాళ్ళు ఆ రైల్లోనే నిలబడి వస్తారు. దూరంగా ఉండి సుఖపడటం అంటే ఇదే, కానీ ఇది స్టేషన్‌ని బట్టి, లైన్‌ని బట్టి మారుతుంది.

తోజాయ్ లైన్ రద్దీ గురించి తెలిసే దిగండి. 2019లో కిబా, మొన్‌జెన్-నకాచో స్టేషన్ల మధ్య పొద్దుటి రద్దీ 199 శాతం. జపాన్ లెక్కలో 100 అంటే సీటుగానీ, పట్టుకునే హ్యాండిల్‌గానీ అందరికీ దొరకడం. 200 అంటే ఒళ్ళూ ఒళ్ళూ నొక్కుకుపోవడం. కొవిడ్ తర్వాత ఇంటి నుంచి పనులు పెరిగి అది బాగా తగ్గింది గానీ, ఎనిమిది గంటల రైల్లో చంటిపిల్ల బండితో ఎక్కాలనుకోకండి.

ఏ రైలు ఆగుతుందో కూడా చూడాలి. కకుఎకి అన్ని స్టేషన్లలో ఆగుతుంది. కైసొకు, క్యూకో, తొక్క్యూ కొన్ని వదిలేస్తాయి, పేర్లూ లెక్కలూ కంపెనీని బట్టి మారతాయి. తోజాయ్ కైసొకు ఉరయాసులో ఆగి తర్వాత తోయోచోలోనే ఆగుతుంది, నిషి-కసాయ్‌లో ఆగదు. యాప్ మధ్యాహ్నం 2 గంటల కైసొకుని చూపించి 'ఇంతే సమయం' అంటుంది. అందుకే వెతికేటప్పుడు మంగళవారం, 8:45కి చేరాలి అని పెట్టి వెతకండి. తిరుగు ప్రయాణానికి రాత్రి 11:30 పెట్టి ఇంకోసారి.

ఆఖరి రైలుని షూదెన్ అంటారు. 2021 మార్చిలో జేఆర్ ఈస్ట్ రైల్వే కంపెనీ టోక్యో చుట్టుపక్కల లైన్లలో దీన్ని అరగంట దాకా ముందుకి జరిపింది. శివారు స్టేషన్‌కి రాత్రి పన్నెండింటికి చేరే రైలంటే నగరం మధ్యలో పదకొండు దాటగానే ఎక్కాలి. తప్పితే టాక్సీ. 23 వార్డుల్లో 2022 నవంబరు నాటి ధర ప్రకారం మొదటి 1.096 కి.మీ.కి 500 యెన్లు, తర్వాత ప్రతి 255 మీటర్లకీ 100, రాత్రి పది దాటితే 20 శాతం అదనం. 30 కిలోమీటర్లకి 14,000 దాటుతుంది. ఇండియా టీముతో రాత్రి కాల్స్ ఆఫీసు నుంచే చేయాల్సిన ఉద్యోగమైతే ఈ ఒక్క అంకె చాలు, దగ్గర్లో ఉండమని చెప్పడానికి.

రెండు లైన్లు కలిసే స్టేషన్‌కి 5,000 యెన్లు ఎక్కువ అద్దె ఇచ్చినా నష్టం లేదు. ఎవరో పట్టాల మీద పడ్డారనో, గాలివాననో ఒక లైను ఆగిపోవడం మామూలే. అప్పుడు పాస్ ఉన్నవాళ్ళని వేరే కంపెనీ రైల్లో ఉచితంగా పోనిస్తారు, దీన్ని ఫురికాఎ అంటారు. కార్డులో డబ్బు వేసుకుని ట్యాప్ చేసి వెళ్ళేవాళ్ళకి ఈ సదుపాయం లేదు.

ఒక ప్రకటన, ముక్క ముక్కగా

శివారు ఇంటి ప్రకటన తెలుగు అక్షరాల్లో రాస్తే ఇలా ఉంటుంది:

ఎకి తోహో 12 పున్ / చికు 28 నెన్ / మోకుజో, 2 కై / 2డీకే, 40 చ.మీ. / 7.8 మాన్, కాన్‌రిహి 3,000 / షికి 1, రే 1 / పురోపాన్

తోహో 12 పున్ అంటే స్టేషన్‌కి నడక 12 నిమిషాలు. నిమిషానికి 80 మీటర్ల చొప్పున, మిగిలిన ముక్కని పైకి సర్ది లెక్కిస్తారు. అంటే 880 మీటర్లు దాటి 960 దాకా. సిగ్నళ్ళు, ఎత్తుపల్లాలు, లిఫ్టు కోసం ఆగడం ఏవీ అందులో కలవవు. తామా వైపు, యోకొహామా వైపు నేలంతా గుట్టలే, అక్కడ 12 నిమిషాలంటే పిల్లల బండితో 18. ఇక 'బస్సు 12, నడక 3' అని ఉంటే వెంటనే ఆఖరి బస్సు వేళ చూడండి. చాలాచోట్ల ఆఖరి రైలుకి రెండు గంటల ముందే బస్సులు ఆగిపోతాయి.

చికు 28 నెన్ అంటే కట్టి 28 ఏళ్ళు. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన సంవత్సరాలు రెండు. 1981 జూన్ 1 తర్వాత అనుమతి తీసుకున్న కట్టడాలకి కొత్త భూకంప ప్రమాణం వర్తిస్తుంది. కొయ్య ఇళ్ళకి 2000లో నిబంధనలు ఇంకా బిగించారు. ఈ ప్రకటనలోని ఇల్లు రెండింటికీ మధ్యది. 1981కి ముందుదైతే అద్దె ఎంత తక్కువైనా దిగకండి.

మోకుజో అంటే కొయ్యతో కట్టినది. పక్కింటి టీవీ వినిపిస్తుంది, మన కుక్కర్ కూత వాళ్ళకి వినిపిస్తుంది. పొద్దున ఆరింటికి కొబ్బరి చట్నీకి మిక్సీ వేస్తే సాయంత్రానికి ఇంటి కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది. ఆర్‌సీ అని ఉంటే కాంక్రీటు, చప్పుడు తక్కువ. 2 కై అంటే మన లెక్కలో మొదటి అంతస్తు, ఎందుకంటే జపాన్‌లో నేల మీద ఉన్నదే 1 కై.

2డీకే అంటే రెండు గదులు, వంటా భోజనాలకి కలిపి ఒక గది. ఆ వంటగది కనీసం 6 జో ఉండాలి. ఎల్‌డీకే అని రాయాలంటే రెండు గదుల ఇంట్లో అది కనీసం 10 జో ఉండాలి. జో అంటే ఒక చాప కొలత, ప్రకటనల్లో 1.62 చదరపు మీటర్లకి తగ్గకూడదు. 6 జో గది సుమారు 105 చదరపు అడుగులు. 40 చదరపు మీటర్లు అంటే 430 చదరపు అడుగులు. హైదరాబాద్ ఫ్లాటులో హాలూ వంటిల్లూ కలిపితే వచ్చేంత. ఇద్దరికి సరిపోతుంది, అమ్మానాన్నలు వస్తే ఇరుకు.

పురోపాన్, అంటే ప్రొపేన్ గ్యాస్, దగ్గర ఆగండి. శివార్లలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. నగర గ్యాస్ పైపులో వస్తుంది, ధర అందరికీ తెలుసు. ప్రొపేన్ ఇంటి వెనక సిలిండర్లలో వస్తుంది, కంపెనీని ఎంచేది ఇంటి యజమాని, ధర చాలాచోట్ల ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. వంటకే కాదు, స్నానాల నీళ్ళు కాగేదీ ఆ గ్యాస్‌తోనే కాబట్టి చలికాలం బిల్లు చూస్తే గుండె గుభేలుమంటుంది. సంతకానికి ముందే ఆ ఇంటి ప్రొపేన్ మూల రుసుము, యూనిట్ ధర అడగండి, చెప్తారు. ఇంకో మెలిక: చాలా ఇళ్ళలో పొయ్యి ఉండదు, మనమే కొనాలి. నగర గ్యాస్ పొయ్యి ప్రొపేన్‌కి పనికిరాదు. ఇల్లు మారితే పొయ్యి కూడా మారచ్చు. లైట్లు, కర్టెన్లు కూడా ఉండవు. ఒక్కోచోట ఏసీ కూడా.

కరెంటు 100 వోల్టులు. గోడ సాకెట్ 15 యాంపియర్లు, అంటే 1,500 వాట్లు. ఇండియా మిక్సీ 750 వాట్లదైతే 1,500 వాట్ల స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, దానికన్నా చిన్నది వేడెక్కిపోతుంది. టోక్యో వైపు 50 హెర్ట్జ్, మనలాగే, కాబట్టి మోటారు వేగం మారదు. ఒసాకా వైపు 60. పాత ఇంట్లో కరెంటు ఒప్పందం 20 యాంపియర్లే ఉంటే ఏసీ, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ ఒకేసారి వేయగానే మొత్తం ఆరిపోతుంది. ఫ్యూజు పెట్టె మీద అంకె చూసి రండి.

డబ్బు లెక్క, దాచకుండా

పై ఇంట్లోకి దిగడానికి మొదటి రోజు కట్టాల్సింది చూడండి. 7.8 మాన్ అంటే నెలకి 78,000 యెన్ల అద్దె. షికి, అంటే డిపాజిట్, ఒక నెల అద్దె, 78,000. రే, అంటే యజమానికి ఇచ్చే కానుక, తిరిగి రాదు, 78,000. ఏజెంటుకి పన్నుతో కలిపి ఒక నెల అద్దె, 85,800. ముందస్తు నెల అద్దె, కాన్‌రిహి అనే నిర్వహణ రుసుము 3,000తో కలిపి, 81,000. పూచీకత్తు కంపెనీకి నెల మొత్తంలో సగం, 40,500. అగ్నిబీమా 20,000 దాకా, తాళం మార్పు మరో 20,000 దాకా. అంతా కలిపి 4,03,300, అంటే ఐదు నెలల అద్దె. రెండేళ్ళకోసారి ఒప్పందం పొడిగించడానికి మరో నెల అద్దె అడగడం టోక్యో చుట్టుపక్కల మామూలే. ఏజెంటు రుసుము నిజానికి మీరు ఒప్పుకోకపోతే సగం నెలే. ఆ మాట ముందే అడిగితే కొందరు తగ్గిస్తారు.

దీనికి పక్కదారి యూఆర్. ప్రభుత్వ సంస్థ ఇళ్ళు. కానుక లేదు, ఏజెంటు రుసుము లేదు, పూచీ లేదు, పొడిగింపు రుసుము లేదు. డిపాజిట్ రెండు నెలలు. విదేశీయులమని వెనక్కి పంపరు, రెసిడెన్స్ కార్డు చూపితే చాలు. కుటుంబంతో దిగితే, 82,500 నుంచి 2,00,000 లోపు అద్దె ఉన్న ఇంటికి నెల ఆదాయం 3,30,000 ఉండాలి, అంతకన్నా తక్కువ అద్దె ఐతే ఆ అద్దెకి నాలుగు రెట్లు. మనవాళ్ళు యూఆర్ కట్టడాల్లో గుంపుగా కనిపించడానికి కారణం ఇదే, వేరే రహస్యమేమీ లేదు. శివార్లలో యూఆర్ ఇళ్ళు పుష్కలం. పాతవాటిలో లిఫ్టు లేని ఐదంతస్తులవీ ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వచ్చేటట్టుంటే ఆ సంగతి ముందే చూడండి.

ఇప్పుడు అసలు కొలత. నగరంలో 1,30,000, శివారులో 81,000. తేడా 49,000. అందులోంచి ప్రొపేన్ అదనం 5,000, స్టేషన్ దగ్గర సైకిల్ నిలుపుకోడానికి 2,000, వారాంతాల్లో ఇంట్లోవాళ్ళ రైలు ఖర్చు 4,000, రెండు నెలలకోసారి తప్పిన ఆఖరి రైలు కింద 7,000 తీసేయండి. మిగిలింది 31,000. ఆఫీసుకి వెళ్ళే మనిషికి పాస్ ఉంటుంది కాబట్టి ఆ దారిలో వారాంతం ప్రయాణం ఉచితమే, అందుకే వాళ్ళని లెక్కలో వేయలేదు. అదనపు ప్రయాణం ఒక్కో దిక్కుకి 25 నిమిషాలు, నెలకి 20 రోజులు: 16 గంటల 40 నిమిషాలు. భాగిస్తే గంటకి సుమారు 1,860 యెన్లు. ఆ రైల్లో నిలబడినందుకు మీకు మీరే ఇచ్చుకుంటున్న కూలి అది. టోక్యోలో 2025 అక్టోబరు నుంచి కనీస వేతనం గంటకి 1,226. మీ లెక్క అంతకన్నా తక్కువ తేలితే శివారుకి వెళ్ళడం డబ్బు కోసం కాదని అర్థం. పెద్ద ఇంటి కోసమో, ప్రశాంతత కోసమో అయితే సరే, ఆ మాట మీకు మీరు చెప్పుకుని వెళ్ళండి.

పాస్ ఖర్చు కంపెనీ ఇస్తుందనే ధీమా ఉంటుంది. నెలకి 1,50,000 దాకా పన్ను లేదు, నిజమే. కానీ కొన్ని కంపెనీలు అంతకన్నా తక్కువ పరిమితి పెడతాయి, ఇంటి నుంచి పని ఉన్నచోట పాస్ బదులు వెళ్ళిన రోజులకే ఇస్తాయి. పైగా పన్ను లేకపోయినా, పింఛను, ఆరోగ్య బీమా లెక్కల్లో ఈ భత్యం కూడా జీతం కిందే వస్తుంది, దూరం పెరిగితే ఆ కోత కూడా కాస్త పెరుగుతుంది. అన్ని లైన్ల టికెట్టూ ఒకటి కాదు. చిబా న్యూ టౌన్‌కి పోయే హొకుసో లైను ఖరీదుకి పేరుపడింది. 2022 అక్టోబరులో తగ్గించారు, అయినా సొంత డబ్బుతో తిరిగే ఇంట్లోవాళ్ళకి ఒక్కో ప్రయాణం చురుక్కుమంటుంది. అద్దె అక్కడ ఎందుకంత తక్కువో ఇప్పుడు తెలిసిందిగా.

స్థానిక పన్ను ఎక్కడైనా దాదాపు పది శాతమే. శివారుకి పోతే పన్ను తగ్గుతుందన్నది వట్టి మాట.

ఇంట్లో ఉండేవాళ్ళ లెక్క

పిల్లలుంటే నది అటుపక్కా ఇటుపక్కా ఒకటి కాదు. టోక్యో రాష్ట్రంలో ఉన్న 18 ఏళ్ళ లోపు ప్రతి బిడ్డకీ నెలకి 5,000 యెన్లు ఇస్తారు. 2025 సెప్టెంబరు నుంచి రెండేళ్ళ తరగతి దాకా మొదటి బిడ్డకి కూడా గుర్తింపు పొందిన హొఇకుఎన్, అంటే శిశు సంరక్షణ కేంద్రం, టోక్యోలో ఉచితం. దేశమంతటా ఉచితం మూడేళ్ళు నిండిన తరగతి నుంచే, అది 2019 అక్టోబరులో మొదలైంది. 23 వార్డుల్లో 18 ఏళ్ళ దాకా పిల్లల వైద్యానికి డబ్బు కట్టక్కర్లేదు, చిబాలో చాలా నగరాల్లో విడతకి 300. ఏడాది వయసున్న బిడ్డతో గ్యోతొకుకి మారితే, అద్దెలో మిగిలింది హొఇకుఎన్ రుసుముకే సరిపోవచ్చు. అదే బిడ్డతో హచియోజికి వెళ్తే టోక్యో రాష్ట్రం ఇచ్చే ఆ 5,000, ఉచిత హొఇకుఎన్ వెంటే వస్తాయి.

హొఇకుఎన్ సీటు నగరపాలక కార్యాలయం పాయింట్ల మీద ఇస్తుంది. తల్లిదండ్రులిద్దరూ పూర్తి సమయం పనిచేస్తేనే పాయింట్లు ఎక్కువ. డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు అనుమతి తీసుకుని వారానికి 28 గంటలే పనిచేయగలరు, కాబట్టి పాయింట్లు తక్కువ. ఏప్రిల్ సీటుకి దరఖాస్తులు అంతకుముందు అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య తీసుకుంటారు. జనవరిలో ఇల్లు మారి ఏప్రిల్ సీటు అడిగితే బస్సు వెళ్ళిపోయిందనే లెక్క.

భారతీయ బడి కావాలంటే దూరం వెళ్ళే స్వేచ్ఛ దాదాపు లేనట్టే. గ్లోబల్ ఇండియన్ ఇంటర్నేషనల్ స్కూల్ ఎదొగావా వార్డులో, ఇండియా ఇంటర్నేషనల్ స్కూల్ ఇన్ జపాన్ కోతో వార్డులో, దాని ఇంకో శాఖ యోకొహామాలోని మిదోరి వార్డులో ఉన్నాయి. ముందు బడి తేల్చుకుని, బడి బస్సు ఎక్కడిదాకా వస్తుందో అడిగి, ఆ గీతలోపల ఇల్లు వెతకండి. ఇల్లు తీసుకున్నాక బడి వెతికినవాళ్ళు ఏడాదిలోపే మళ్ళీ సామాను సర్దుతారు. జపాన్ ప్రభుత్వ బడి మీకు సమ్మతమైతే ఈ బంధనం లేదు, చిరునామాని బట్టి దగ్గరి బడిలో చేర్చుకుంటారు, చదువు ఉచితం.

సరుకుల గురించి అనవసరంగా భయపడతారు. కందిపప్పు, సోనా మసూరి, చింతపండు ఇంటికే తెప్పించుకోవచ్చు, మసాలాలూ శనగలూ గ్యోము సూపర్ అనే చవక సరుకుల దుకాణాల్లో దొరుకుతాయి. శివారులో నిజంగా లోటయ్యేది కరివేపాకు, మాట్లాడే మనిషి. మొదటిదానికి నెలకోసారి నిషి-కసాయ్ వెళ్తే సరి, ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. రెండోదానికి అలాంటి ఉపాయం లేదు. జపనీస్ రాని మనిషి పగలంతా ఒంటరిగా ఉండాల్సి వస్తే, పక్కవీధిలో తెలుగో హిందీయో మాట్లాడే ఇల్లు ఒకటి ఉండటం 30,000 యెన్ల అద్దె తేడాకి సమానం. దీన్ని అంకెల్లో వేయలేం గానీ, శివారు నుంచి తిరిగొచ్చిన కుటుంబాల్లో ఎక్కువమంది చెప్పే కారణం రైలు కాదు, ఇదే.

కారు ఉంటే తప్ప గడవని ఊరైతే మొదటి ఏడాది వద్దు. ఇండియా నుంచి తెచ్చుకున్న అంతర్జాతీయ పర్మిట్ జపాన్‌లో దిగిన నాటి నుంచి ఏడాది మించి చెల్లదు. తర్వాత లైసెన్సు మార్పించుకోవాలి. 2025 అక్టోబరు నుంచి రాతపరీక్షలో 50 ప్రశ్నలు, 45 సరిగ్గా రాయాలి, ఆపైన డ్రైవింగ్ పరీక్ష. కారు కొనాలన్నా ఇంటికి 2 కిలోమీటర్ల లోపు పార్కింగ్ ఉన్నట్టు పోలీసు ధ్రువపత్రం చూపాలి. సైకిల్ మీద పది నిమిషాల్లో సూపర్ మార్కెట్, పిల్లల డాక్టరు, పార్కు అందితే చాలు, కారు ఆలోచన తర్వాత.

వరద మ్యాపు

ఎదొగావా వార్డు 2019లో ఇంటింటికీ పంచిన వరద మ్యాపు అట్ట మీద 'ఇక్కడ ఉండకూడదు' అని రాసి ఉంటుంది. పెద్ద వరదొస్తే వార్డు దాదాపు అంతా మునిగి, కొన్నిచోట్ల నీళ్ళు రెండు వారాలకి పైగా నిలుస్తాయని. అంటే మనవాళ్ళు ఎక్కువున్న చోటే ముంపు భయమూ ఎక్కువ. అదే ఏడాది అక్టోబరు తుపానులో కవసాకిలోని ముసాషి-కొసుగిలో ఎత్తైన ఫ్లాట్ల భవనంలో నేలకింది అంతస్తులోని కరెంటు గదిలోకి నీళ్ళొచ్చి, లిఫ్టులు, నీళ్ళు అన్నీ ఆగిపోయాయి. 2011 భూకంపంలో ఉరయాసులో సముద్రాన్ని పూడ్చిన నేల చాలాచోట్ల బురదై కుంగింది. పడమటి తామా గుట్టల మీద వరద భయం తక్కువ, కొండచరియల గీతలు మాత్రం చూసుకోవాలి.

2020 ఆగస్టు 28 నుంచి ఒప్పందానికి ముందు ఏజెంటు వరద మ్యాపులో ఆ ఇల్లు ఎక్కడుందో చూపించి తీరాలి. కానీ ఆ వివరణ సంతకాల రోజు జరుగుతుంది, అప్పటికి మనసు ఇంటి మీద పడిపోయి ఉంటుంది. ఇల్లు చూడ్డానికి వెళ్ళకముందే ఆ నగరం వెబ్‌సైట్లో మ్యాపు తెరిచి, లోతు రంగు చూడండి. 3 మీటర్లు అని ఉంటే కనీసం 3 కై ఇల్లు తీసుకోండి.

రెండుసార్లు వెళ్ళి చూడాలి

నచ్చిన స్టేషన్ రెండుకి తగ్గాక, ఒక మంగళవారం పొద్దున 7:40కి అక్కడ రైలెక్కి ఆఫీసు దాకా వెళ్ళండి. నిజంగా ఎంతసేపు పట్టిందో, ఎన్ని రైళ్ళు వదిలేయాల్సి వచ్చిందో రాసుకోండి. అదే రోజు రాత్రి పదిన్నరకి స్టేషన్ నుంచి ఆ ఇంటిదాకా నడవండి. దీపాలున్నాయా, తెరిచిన దుకాణం ఒక్కటైనా ఉందా.

తర్వాత ఒక శనివారం ఇంట్లోవాళ్ళతో. ఈసారి ముందు నడవాల్సింది వాళ్ళు. స్టేషన్ లిఫ్టు ఏ గేటు దగ్గరుందో, సూపర్ మార్కెట్లో కూరగాయల ధరలెలా ఉన్నాయో, నగరపాలక కార్యాలయంలో ఇంగ్లీషు బల్ల ఏ రోజుల్లో ఉంటుందో వాళ్ళే చూడాలి. చెత్త బోర్డు ఫొటో తీసుకోండి. తామా నగరాల్లో చాలాచోట్ల చెత్తకి నగరం అమ్మే సంచులే వాడాలి, డబ్బు పెట్టి కొనాలి, 23 వార్డుల్లో అలాంటిది లేదు.

మీ ప్రాజెక్టు రెండేళ్ళ లోపే ముగుస్తుందంటే ఇంత వెతుకులాట దండగ, నగరం అంచునే యూఆర్ ఇల్లు తీసుకోండి. అంతకన్నా ఎక్కువ ఉంటారంటే మొదటి రెండు నెలలు సామాను ఉన్న నెలవారీ గదిలో దిగి, పై పనులన్నీ అక్కణ్ణుంచి చేయండి. ఖరీదనిపిస్తుంది, కానీ తప్పు ఇల్లు తీసుకుని మళ్ళీ మారితే పోయేది ఇంకో నాలుగు లక్షలు. జనవరి నుంచి మార్చి దాకా అందరూ ఇళ్ళు మారే కాలం, సామాను బండ్ల ధరలు మండిపోతాయి, కానుక తగ్గించమంటే వినరు. జూన్ నుంచి ఆగస్టు మధ్య అడిగి చూడండి.

సంతకం పెట్టేటప్పుడు మూడు ముక్కలు వేలు పెట్టి చూపించమని అడగండి. ఒప్పందం ఫుత్సూనా, అంటే మామూలుదా, తెఇకినా. తెఇకి అంటే గడువు అయిపోగానే ఖాళీ చేయాలి, పొడిగింపు హక్కు లేదు. ఖాళీ చేసేందుకు ఎన్ని రోజుల ముందు చెప్పాలి, మామూలుగా ఒక నెల, రెండు అని ఉంటే గుర్తుపెట్టుకోండి. ఏడాదిలోపు వెళ్ళిపోతే జరిమానా ఉందా, ఉంటే తరచుగా ఒక నెల అద్దె. ఇల్లు మారాక 14 రోజుల్లోగా కొత్త నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించాలి. వేరే నగరానికి మారుతుంటే పాత కార్యాలయంలో వెళ్ళిపోతున్నట్టు ముందు చెప్పాలి. ఇంట్లో అందరి రెసిడెన్స్ కార్డులూ పట్టుకెళ్ళండి, ఒక్కటి మరిచినా ఇంకో రోజు సెలవు పెట్టాల్సిందే.